ఖాళీ అని రాసిన గంటలు

మార్చి 3

లెక్కల దొరగారి సముఖానికి, గుడారాలు కుట్టే అక్క చేసుకునే విన్నపం.

ఒరేయ్ చిన్నోడా, మీ ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారనీ, పని అయ్యేదాకా ఉత్తరాలే గతి అనీ నువ్వు రాసింది చదివి నవ్వాగలేదు. అంత చదువు చదివి చివరికి ఏడో క్లాసు మనిషితో కాగితం మీద కుస్తీకి దిగాల్సి వచ్చింది చూశావా! నాకైతే ఇదే బాగుంది. ఫోన్లో నువ్వు "ఊ", "ఆ" తప్ప అనవు. కాగితం మీద నా మాట మధ్యలో నరకనూ లేవు.

ఇంతకీ నీ ఉద్యోగం ఏమిటో నాకు అర్థమయ్యేట్టు రాయి. షెడ్డులో అందరూ అడుగుతున్నారు. "సైన్యానికి సలహాలు చెబుతాడు" అన్నాను. మా కటింగ్ మేస్త్రి ఊరుకోక "యుద్ధం ఎలా చెయ్యాలో చెబుతాడా ఏం?" అన్నాడు. "ఔను, నీలాంటివాళ్ళని ముందు వరసలో నిలబెట్టమంటాడు" అన్నాను. అప్పట్నుంచి మూతి ముడుచుకున్నాడు. దానికి ఇంకో కారణం కూడా ఉందిలే. మొన్న ఆయన కోటు మేకుకి తగిలించి వెళ్తే, రెండు చేతులూ మణికట్ల దగ్గర కుట్టేశాను. సరిగ్గా మా మిలిటరీ డిపో పెద్దసారు వచ్చే వేళకి తొడుక్కోబోయాడు. పెద్దసారుకి దణ్ణం పెట్టడానికి ఒక్క చెయ్యీ బయటికి రాలేదు. బాతులా రెక్కలు కొట్టుకుంటూ నిలబడ్డాడు. కుట్టు మాత్రం గట్టి కుట్టు, నా పనితనానికి వంక పెట్టలేరు.

మీ బావ క్షేమం. చమురు ట్యాంకులు కడిగి కడిగి, ఆయన రుద్దుకున్నాక సబ్బే కంపు కొడుతుంది. ఆయన జోడీ మనిషి, అదే మన పక్క క్వార్టరు స్తంభం అన్నయ్య, అంతకన్నా క్షేమం. మీ బావ నడుముకి తాడు కట్టుకుని ట్యాంకులోకి దిగి మడ్డి ఎత్తుతుంటే, ఆయన మూతి దగ్గర ఆ తాడు పట్టుకుని నిలబడతాడు. అంతే! పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే. కూర్చుని తినేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, నిలబడి తినేవాణ్ణి ఈయన్నే చూశాను. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు ఆయన భార్య కూడా "మా స్తంభం వచ్చాడా?" అని అడుగుతుంది.

వేళకి తిను. అక్కడ చలి ఎక్కువైతే చెప్పు, గుడారం గుడ్డతో కోటు కుడతాను, చేతులు తెరిచే ఉంచుతాను.

నోటి దురద తగ్గని నీ
అక్క

మార్చి 19

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఇక్కడ మెస్సులో గట్టిగా నవ్వితే అందరూ తిరిగి చూశారు. ఇక్కడ నవ్వేవాళ్ళు తక్కువ. నా గదిలో ఒక మంచం, ఒక బల్ల, కిటికీలోంచి కనిపించే కవాతు మైదానం. రోజంతా కాగితాలు.

నా పని చెబుతాను. ఒక చోట ఎనభైమంది ఉన్నారనుకో. ఎనభైమందికీ పని ఉందా, అరవైమందితో సరిపోతుందా, లేక నూరుమంది కావాలా అన్నది లెక్కగట్టి చెప్పాలి. ఎక్కువైన చోటు నుంచి తక్కువైన చోటికి మనుషుల్ని పంపమంటాం. మొన్న ఒక ఆసుపత్రి చూశాను. నలభై మంచాలకి ఇద్దరు నర్సులు. వాళ్ళలో ఒకామె నడుస్తూనే తింటోంది. అదే ఆవరణలో దుప్పట్లు ఇచ్చే గదిలో ఆరుగురున్నారు. రోజుకి పది దుప్పట్లు ఇస్తారు. అది చూసి ఊరుకోలేం కదా. యుద్ధంతో నాకేం పని లేదు. నా సైన్యమంతా గడుల్లోనే.

మీ డిపోకీ ఫారాలు వస్తాయి. ఇంతకు మించి రాయకూడదు. అరగంటకొకసారి ఏం చేశారో ఉన్నదున్నట్టు రాయమని బావకి చెప్పు.

కోటు వద్దు. నీ కుట్టంటే నాకు భయం.

నీ
తమ్ముడు

ఏప్రిల్ 11

గడుల సేనాపతికి జయం కలుగుగాక!

వచ్చాయిరా నీ ఫారాలు. మనిషికి వారం రోజులవి, దుప్పటంత కాగితం. అరగంటకో గడి. ప్రతి గడికీ మూడు గళ్ళు: పని, తిరుగుడు, ఖాళీ. పక్కన "వివరములు" అని చోటు. ట్యాంకు మనుషులకి మడ్డి ఎత్తడం వచ్చు గానీ కాగితం అంటే వణుకు. మీ బావ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. స్తంభం అన్నయ్య కూడా తనది తెచ్చి "చెల్లెమ్మా, నీ చేతి రాత ముత్యాలు కదా" అని ఉబ్బేశాడు. ఇంకేం, ఉబ్బిన మనిషి ఊరుకుంటుందా? కూర్చుని ఇద్దరివీ రాసేశాను.

మీ బావ ఫారం చూస్తే ఆయనకే ఆయాసం రావాలి. ఊపిరి పీల్చటం తప్ప అన్నీ "పని" కిందే వేశాను. ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నాడని తెలిస్తే మేస్త్రీని చెయ్యరూ? ఇక స్తంభం అన్నయ్యది అసలు కావ్యమే అనుకో. నిలబడటం ఏ గడిలో వెయ్యాలి చెప్పు? పని కాదు, తిరుగుడు కాదు. అందుకని "ఖాళీ"లో వేశాను. వివరాల్లో మాత్రం నా చెయ్యి ఊరుకోలేదు. "ఎనిమిది నుండి ఎనిమిదిన్నర: నిలబడుట. ఎనిమిదిన్నర నుండి తొమ్మిది: కాలు మార్చి నిలబడుట. తొమ్మిది నుండి: ఆకాశము వైపు చూచుట. తొమ్మిదిన్నర నుండి: ఆకాశము ఈయన వైపు చూచుట." ఇలా ఆరు రోజులు! సాయంత్రం సంతకానికి ఇస్తే చదవనే లేదు. "నువ్వు రాశాక నేను చదివేదేంటమ్మా" అని సంతకం గీకేసి వెళ్ళిపోయాడు. చదువుతాడు, తిడతాడు, అప్పుడు వేరే ఫారం రాద్దామనుకున్నాను. ఆట సగంలోనే చప్పబడిపోయింది. ట్యాంకుల మేస్త్రి వచ్చి ఫారాలన్నీ కట్టగట్టి తీసుకుపోయాడు.

ఏముందిలే, ఇంత కాగితం ఎవడు చదువుతాడు? పేర్ల చోట నంబర్లే ఉన్నాయి. నీ కంట పడితే నా పేరు చెప్పకు.

కలం పట్టిన కోతి,
అక్క

ఏప్రిల్ 30

అక్కకి,

ఈ వారం ఇక్కడ పదకొండు వందల ఫారాలు చూశాం. అందులో ఒక్కరోజు మాత్రం కడుపుబ్బ నవ్వాను. ఎందుకో చెప్పకూడదు. నర్సుల విషయం మాత్రం చెబుతాను, అది ఖాయమైంది. మూడు ఆసుపత్రులకి అదనంగా మనుషులు వెళ్తున్నారు. ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక మంచి పని చేశాననిపించింది.

ఫారాలు ఎవరూ చదవరనుకోకు. అంకెలన్నీ ఎక్కిస్తారు. ఒక్కో పోస్టుకీ పని ఎంత శాతం ఉందో తేలుతుంది. నీ సరదాలు షెడ్డు వరకే పెట్టుకో.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

జూన్ 14

చిన్నోడా,

ఈసారి బిరుదులు లేవు, కోపంగా ఉన్నాను. ఎవరి మీదో నాకే తెలీటం లేదు కాబట్టి సగం నువ్వు తీసుకో.

డిపోలో తొమ్మిది పోస్టులు ఎత్తేశారు. అందులో తాడు మనిషి పోస్టు ఒకటి. స్తంభం అన్నయ్యని వేరేచోట వేసేదాకా గేటు దగ్గర ఊడ్చమన్నారు. పదకొండేళ్ళు తాడు పట్టిన చేతికి చీపురిచ్చారు. మర్నాడు చీపురు భుజాన వేసుకుని మా గుమ్మం ముందు నుంచి వెళ్తూ "చెల్లెమ్మా, స్తంభానికి కాళ్ళొచ్చాయి చూడు" అన్నాడు. నాకు నవ్వు రాలేదురా. నాకు నవ్వు రాకపోవటం మీ బావ చూశాడు, అదింకా బాగోలేదు.

నేను రాసినదాని వల్ల కాదు కదా? మిగతా ఎనిమిది పోస్టులకి నేను రాయలేదు కాబట్టి కాదనే అనుకుంటున్నాను. ఏప్రిల్లో నువ్వు నవ్వానని రాస్తే, నా రాత గుర్తుపట్టావనీ, వేళాకోళం అని తెలిసి పక్కన పడేసి ఉంటావనీ అనుకున్నాను. నువ్వు నవ్వింది దేనికి?

ఆ సంగతలా ఉంచు. ఇప్పుడు తాడు ఎవరు పట్టుకోవాలి? అది చెప్పు ముందు.

అక్క

జూన్ 27

అక్కా,

కంగారు పడకు. ఒక్క ఫారాన్ని బట్టి ఎవరూ పోస్టు తియ్యరు. అన్ని డిపోల్లోనూ ఆ పోస్టుకి పని ముప్ఫై శాతం లోపే వచ్చింది. నవ్వింది వేరే దేనికో.

తాడు పట్టే మనిషి లేకుండా ఎవరూ దిగమని రాయలేదు. ట్యాంకులోకి దిగాల్సినప్పుడు పక్కనున్న పంపు గది నుంచి ఒకరిని పిలిపించుకోవాలి. ఒకడు రోజంతా అక్కడే ఉండనక్కర్లేదు, అంతే తేడా. మనిషి రాకపోతే దిగనని చెప్పే హక్కు బావకి ఉంది. గట్టిగా చెప్పమను.

స్తంభం గారికి మంచి చోటే దొరుకుతుంది. ఆయన్ని అడిగానని చెప్పు.

తమ్ముడు

జూలై 8

తమ్ముడికి,

పంపు గది సంగతి రాస్తాను, నీ గడుల్లో ఎక్కడైనా పడుతుందేమో చూడు. పంపు గదిలో ఉండేది ఇద్దరు. మీటరు వదిలి వస్తే వాళ్ళ మేస్త్రి తిడతాడు. చీటీ రాయాలి, చీటీ మీద వాళ్ళ సారు సంతకం పెట్టాలి, ఆ సారు మూడు డిపోలకి ఒక్కడు. ఆయన్ని పట్టుకునేసరికి మధ్యాహ్నమవుతుంది. రెండుసార్లు చూశారు. మూడోసారి మీ బావ తాడు నిచ్చెనకి కట్టుకుని దిగిపోయాడు. ఇనుప నిచ్చెనకి! అది లాగుతుందా మనిషిని?

"దిగనని చెప్పు, మా తమ్ముడు రాశాడు, హక్కుంది" అన్నాను. "ఇద్దరి పని ఒక్కణ్ణే చేస్తానని కాగితంలో రాయించింది నువ్వే కదా. ఇప్పుడు దిగనంటే పనిదొంగనంటారు" అన్నాడు.

నిన్న ఆయనకి కేరేజీ తీసుకుని వెళ్ళాను. స్తంభం అన్నయ్య గేటు దగ్గర చీపురు పట్టుకుని ఉన్నాడు. ఊడ్చటం లేదు. వంద అడుగుల దూరంలో ఉన్న ట్యాంకు మూతి వైపే చూస్తున్నాడు.

"ఏంటన్నయ్యా, చీపురు మొలకెత్తుతుందని చూస్తున్నావా?" అన్నాను.

"పావుగంటయింది దిగి" అన్నాడు, నా వైపు తిరగకుండా.

"అక్కడ్నుంచి చూసి ఏం చేస్తావు?"

"ఏం చెయ్యలేను. మడ్డి ఎత్తేటప్పుడు తాడు ఊగుతా ఉంటుంది తల్లీ. ఊగటం ఆగితే ఇరవై లెక్కపెడతాను. అప్పటికీ కదలకపోతే లాగెయ్యటమే. ఇక్కణ్ణుంచి తాడు కనిపించదు. అందుకని మూతి చూస్తున్నా."

"లాగిన రోజులున్నాయా?"

"ఎందుకు లేవు? ఈ పదకొండేళ్ళలో నాలుగుసార్లు."

"మా ఆయనెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే నువ్వు పనికి పంపుతావా? చెప్పొద్దన్నాడు. ఇప్పుడు నేను చెప్పానని అనకు."

అంతలో గేటు మేస్త్రి అరిచాడు, గేటు ముందు ఆకులు అలాగే ఉన్నాయని. ఆయన వంగి రెండుసార్లు ఊడ్చి మళ్ళీ అటే తిరిగాడు.

ఆకాశం వైపు చూచుట అని రాశానురా నేను. ఆయన ఒక్కరోజైనా తలెత్తి చూసి ఉండడు.

ఆ ఫారాలు నేనే రాశాను, వేళాకోళానికి రాశాను, అది తప్పని నీ పైవాళ్ళకి చెప్పు. నన్నేం చేసుకుంటారో చేసుకోనీ. ఆ పోస్టు మళ్ళీ పెట్టించు. నిన్ను ఇంతవరకు ఏదీ గట్టిగా అడగలేదు.

అక్క

జూలై 20

ప్రియమైన అక్కకి,

నీ బాధ అర్థమైంది. ఆ పోస్టు విషయం మళ్ళీ చూడాల్సిన జాబితాలో చేర్చాను. అక్టోబరులో సమావేశం ఉంది, అప్పుడు తప్పకుండా ఎత్తుతాను. అప్పటిదాకా బావ కాస్త ఓపిక పట్టాలి. నువ్వు రాసిన ఒక్క ఫారాన్ని పట్టుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు. నీలాంటి మనిషి దిగులుగా ఉత్తరం రాస్తే నాకు ఇక్కడ తోచటం లేదు. మళ్ళీ ఎవరి కోటన్నా కుట్టి నాకు రాయి.

స్తంభం గారు ఎలా ఉన్నారు? కొత్త పని అలవాటైందా?

నీ
చిన్నోడు

జూలై 25

తమ్ముడూ,

జూలై ఇరవై రాసిన నీ ఉత్తరం ఇవాళ అందింది. స్తంభం అన్నయ్య ఎలా ఉన్నారని అడిగావు. మొన్న సాగనంపి వచ్చాం.

ఇరవై ఒకటో తారీకు పదకొండు గంటలకి మీ బావ ఒక్కడే దిగాడు. మాస్కుకి గాలి వచ్చే గొట్టం ఎక్కడో మడత పడిందట. ఆయన పడిపోయిన సంగతి ఎవరికీ తెలీదు. ఎంతసేపటికీ మూతి దగ్గరికి రాకపోయేసరికి స్తంభం అన్నయ్య చీపురు పారేసి పరిగెత్తాడు. పంపు గది వాళ్ళని కేకేస్తూనే దిగిపోయాడు. లోపలంతా చమురు విషగాలి, ఆయనకి మాస్కు లేదు, తాడు లేదు. మీ బావని ఎత్తి నిచ్చెన మీదికి తోశాడు. పైనున్నవాళ్ళు బావ చేతులు అందుకుని లాగారు. స్తంభం అన్నయ్యని అందుకోబోయేసరికి ఆయన కిందికి జారిపోయాడు. రెండోసారి దిగటానికి మాస్కులు తెచ్చేదాకా ఎవరినీ దిగనివ్వలేదు. అది సరే. దిగితే ఇంకొకడు పోయేవాడు.

మీ బావ ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదన్నారు. ఆయన మంచం పక్కనే కూర్చుని ఆక్సిజన్ గొట్టం పట్టిన నర్సు, రెండు నెలల కిందటే ఇక్కడికి వేశారని చెప్పింది. నీ లెక్కలోని మనిషే అనుకుంటా. అదీ రాయాలి కదా.

స్తంభం అన్నయ్య భార్య మా ఇంటికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మీ ఆయన బతికాడు కదా, అది చాలమ్మా, లేకపోతే మా ఆయన పోయినదానికి అర్థముండేది కాదు" అంది. ఆమెకి ఫారం సంగతి తెలీదు.

అక్క

ఆగస్టు 2

అక్కా,

డిపో ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేయించాను. పిలిస్తే నువ్వు రానన్నావని చెప్పారు. సెలవడిగాను, విచారణ పూర్తయ్యేదాకా మా బృందంలో ఎవరూ కదలకూడదన్నారు. బావ ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. ఆమెకి ఏం కావాలో రాయి. నాకు ఇంకేం రాయాలో తెలీటం లేదు.

తమ్ముడు

ఆగస్టు 15

తమ్ముడికి,

ఫోన్ దగ్గరికి రాలేదు. వస్తే తిడతాను, తిడితే నా తప్పు తేలికవుతుంది. అందుకని రాలేదు.

ఆమెకి ఏం కావాలని అడిగావు, చెబుతాను. విచారణకి ముగ్గురు సార్లు వచ్చారు. తేల్చిందేమిటంటే, ఆ రోజు ఆయన డ్యూటీ గేటు దగ్గర ఊడ్చటం. తాడు మనిషి అనే పోస్టే లేదు. లేని పోస్టులో మనిషి పోవటం కుదరదు. అనుమతి లేకుండా ప్రమాదమున్న చోటికి వెళ్ళాడు కాబట్టి పనిలో పోయినట్టు కాదు. ఆమెకి పింఛను రాదు, క్వార్టరు రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. చీపురు మధ్యలో వదిలేశాడని కూడా రాశారురా కాగితంలో.

నేను వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, తోసుకుని వెళ్ళాను. "ఆ ఫారం నేను రాశాను సార్. నిలబడటం పని కాదని నేను రాశాను. తాడు పట్టుకున్న గంటలన్నీ ఖాళీ అని రాసింది నేను. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. దాన్ని పట్టుకుని పోస్టు తీశారు. లేకపోతే ఆయన తాడుతో అక్కడే ఉండేవాడు" అన్నాను.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మా కటింగ్ మేస్త్రి పక్కనే ఉన్నాడు. "సార్, ఈవిడ మాట నమ్మకండి. పోయినేడాది పై నుంచి తనిఖీ వస్తోందని చెప్పి మా చేత రోడ్డు పక్క రాళ్ళన్నిటికీ సున్నం కొట్టించింది. నా కోటు చేతులు కుట్టేసింది" అన్నాడు. కోటు మాట వినేసరికి అందులో ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. మిగతా ఇద్దరూ కూడా నవ్వారు. "అమ్మా, మీరు ఆయన కుటుంబానికి సాయం చెయ్యాలనే చెబుతున్నారని మాకు తెలుసు. వెళ్ళండి" అన్నారు మర్యాదగా. పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెప్పాను, దానికీ నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని తర్వాత ఎవరూ నమ్మరన్నది ఎవరూ చెప్పలేదు.

అసలు కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి. నా రాత నీకు తెలుసు. అది నాదేనని రాయి. అంతకన్నా ఏమీ అడగను.

మీ బావ ఇంటికొచ్చాడు. నర్సుతో మాట్లాడాడు, పక్కింటామెతో మాట్లాడాడు, వీధిలో కుక్కని కూడా అదిలించాడు. నాతో మాత్రం మాట్లాడడు.

అక్క

ఆగస్టు 30

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

ఏప్రిల్లో నేను నవ్వింది నీ ఫారం చూసే. నంబరు చూసి కాదు, "ఆకాశము ఈయన వైపు చూచుట" దగ్గర నీ రాత గుర్తుపట్టాను. వేళాకోళమని తెలుసు. అలా తెలిసినప్పుడు ఆ ఫారం పక్కన పెట్టి, ఇంకోటి రాయించి తెప్పించాలి. మా పద్ధతి అదే. కానీ గడువు మూడు రోజులే ఉంది. మిగతా డిపోల అంకెలూ తక్కువగానే ఉన్నాయి. అక్క నవ్వుతూ రాసినా ఉన్నమాటే రాసింది కదా అనుకున్నాను. నిలబడటమే కదా! అంకె ఎక్కించేశాను. జూన్లో నువ్వు అడిగితే, నవ్వింది వేరే దేనికో అని అబద్ధం రాశాను.

ఇంకొకటి. మిగతా డిపోల్లో అంకెలు ఎందుకు తక్కువొచ్చాయో ఇప్పుడు మళ్ళీ చూశాను. అక్కడి తాడు మనుషులు ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. వాళ్ళు కూడా ఆ గంటల్ని ఖాళీలోనే వేశారు. కనిపెట్టుకుని ఉండటానికి మా ఫారంలో గడి లేదు. ఆ ఫారం గళ్ళు గీసింది నేనే. కాబట్టి నువ్వు ముత్యాల్లా నిజమే రాసి ఉన్నా, ఆయన పోస్టు పోయేది. ఇది నీకు ఓదార్పో కాదో నాకు తెలీదు.

మా సలహాల కంపెనీ వాళ్ళు విచారణకి ఏమీ రాయొద్దన్నారు. వారం రోజులు రాయలేదు. వారం రోజులు, అక్కా. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మెస్సుకి వెళ్ళి తిని వచ్చాను. మొన్న ఇరవై ఎనిమిదిన విచారణ వాళ్ళకి అంతా రాసి, నీ ఫారం నకలు, మా ఫారం తప్పు, అన్నీ జత చేసి పంపాను. నిన్న నన్ను పనిలోంచి తీసేశారు. ఫోను తిరిగి ఇచ్చారు. ఎవరికి చెయ్యాలో తెలియక దాన్ని కట్టేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడే ఊళ్ళో ఒక గది తీసుకున్నాను. చిరునామా వెనక రాశాను.

తమ్ముడు

సెప్టెంబరు 22

తమ్ముడికి,

నీ కాగితం పని చేసింది. ఆర్డరు వచ్చింది. ఎలా వచ్చిందో చూడు: "జూలై 21న ఉదయం ఎనిమిది గంటల నుండి సాయంత్రం ఐదు గంటల వరకు సదరు పోస్టు ఉన్నట్లుగా భావించడమైనది." ఆ ఒక్కరోజుకి ఆయనకి ఆయన పని తిరిగి ఇచ్చారు. ఆరోజు ఐదు తర్వాత మళ్ళీ తీసేశారు. ఏదైతేనేం, పనిలో పోయినట్టే. ఆమెకి పింఛను వస్తుంది. క్వార్టరు ఇంకో ఏడాది ఉంచారు. ట్యాంకులు కడగటం ఆపేశారు, కొత్త పద్ధతి వచ్చేదాకా. మీ బావ ఇప్పుడు స్టోరులో డబ్బాలు సర్దుతున్నాడు.

ఆర్డరు చదివి పెట్టమని ఆమె నా దగ్గరికే తెచ్చింది. ఈ వరసలో అందరూ చదివించుకునేది నా చేతే కదా. చదివాను. "ఇదెలా జరిగిందమ్మా, ఎవరి పుణ్యం?" అని అడిగింది. ఎవరి పుణ్యమో చెప్పాలంటే ఎవరి పాపమో ముందు చెప్పాలి. చెప్పాను. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. నీదీ చెప్పాను, నాదీ చెప్పాను. ఏం రాశానో అడిగితే, గుర్తున్నంత వరకు అదీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునురా.

"చదవకుండానే సంతకం పెట్టాడా?" అంది.

"పెట్టాడు వదినా."

"నువ్వు రాశావనేనా?"

"అందుకే."

కాగితం నా చేతిలోంచి తీసుకుని మడతలు సరిచేసి జాకెట్టులో పెట్టుకుంది. "సరే" అని లేచి వెళ్ళిపోయింది. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసుకుంది. ఇప్పుడు నీళ్ళు పట్టుకోవటానికి నేను లేని వేళ చూసుకుని వస్తుంది. నేను ఆ వేళ తెలుసుకుని ఇంట్లోనే ఉంటున్నాను. ఆమె కోసం నేను చెయ్యగలిగింది ప్రస్తుతం అదే.

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద మండిపడ్డాను. గుర్తుపట్టి కూడా ఎక్కించావా అని. నా తప్పు తెలీక జరిగింది, నీది తెలిసి జరిగింది అని ఒక పూటంతా నాలో నేనే వాదించుకున్నాను. సాయంత్రానికి ఆ వాదన ఓడిపోయింది. ఆయన పదకొండేళ్ళు నా మొగుణ్ణి కాపాడితే, ఆ మనిషి ఏం చేస్తున్నాడో ఒక్కసారి కూడా అడగకుండా నవ్వింది నేను. నాకు తెలీదు అనటం కూడా ఒక రకం అబద్ధమే. తెలుసుకోలేదు. షెడ్డులో ఇప్పుడు నోరు మూసుకుని కుడుతున్నాను. మేస్త్రి కోటు మేకుకి నిర్భయంగా వేలాడుతోంది. నిన్న ఆయనే వచ్చి "ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు.

నీ ఉద్యోగం పోయిన సంగతి మీ బావకి చెప్పలేదు. చెప్పటానికి మాట్లాడుకుంటే కదా. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి వెళ్ళాను, ఆయనే చదువుకుంటాడని. కూడబలుక్కుని చదవటానికి ఆయనకి రెండు రోజులు పట్టినట్టుంది. ఇవాళ పొద్దున్న చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా, గోడతో అన్నట్టు అన్నాడు:

"వాడొక్కడే ఉన్నాడు. తింటున్నాడో లేదో కనుక్కో."

రెండు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట ఇది. అందుకే పని మానేసి కూర్చుని రాస్తున్నాను.

తింటున్నావా?

అక్క